కథ చెప్పేవారిని ఎంతవరకు నమ్మాలి: ఈమధ్య చదివిన కొన్ని పుస్తకాలు

గత కొన్ని నెలలుగా ఒక నవల, దాని వెంట ఒక కాల్పనికేతర గ్రంథం అన్న వరుసలో చదువుతూ వచ్చాను. ఇది వ్రతంలా పెట్టుకున్న నియమమేమీ కాదు. వెంటవెంటనే రెండు నవలలు చదివితే మొదటిదానిలోని మనుషులు రెండవదానిలోకి వచ్చి కూర్చుంటారు కనుక, మధ్యలో కాస్త ఎడం ఉండాలని చేసుకున్న ఏర్పాటు మాత్రమే. అయితే దీనివల్ల నేను అనుకోని ఒక ఫలితం కలిగింది. నవల చదివేటప్పుడు కథ చెబుతున్న మనిషిని కొంత అనుమానంతో చూడటం మనకు అలవాటే. అతడు ఏది దాస్తున్నాడో, ఏది మరచిపోయినట్లు నటిస్తున్నాడో గమనిస్తూనే చదువుతాము. అదే చూపును పక్కనే ఉన్న శాస్త్ర గ్రంథం మీదికో చరిత్ర గ్రంథం మీదికో మళ్లించినప్పుడు, అక్కడ కూడా ఒక కథకుడు ఉన్నాడని, అతడికి కూడా ఇష్టాయిష్టాలు, తొందరలు, మొహమాటాలు ఉన్నాయని స్పష్టంగా కనిపించింది. ఇక్కడ రాస్తున్న అభిప్రాయాలన్నీ ఆ చూపుతో ఏర్పడినవే కనుక, ఈ పుస్తకాలలో ఏమేమి ఉన్నాయో సమగ్రంగా చెప్పే బాధ్యతను నేను తలకెత్తుకోవడం లేదు.

మొదటిది కజువో ఇషిగురో నవల 'ది రిమైన్స్ ఆఫ్ ది డే'. 1989లో వెలువడి, అదే ఏడాది బుకర్ బహుమతి పొందిన ఈ నవలను చాలా కాలంగా వాయిదా వేస్తూ వచ్చాను. ఇంగ్లండులో ఒక ప్రభువు భవనాన్ని నడిపే ప్రధాన సేవకుడు తన ఉద్యోగ ధర్మం గురించి చేసే ఉపన్యాసంతో నాకేమి పని అన్న చిన్నచూపే అందుకు కారణం. మొదటి యాభై పేజీలు నా చిన్నచూపునే సమర్థించినట్లు అనిపించాయి. 1956 జూలైలో ఆ సేవకుడు స్టీవెన్స్ తన కొత్త అమెరికన్ యజమాని కారు తీసుకుని, ఒకప్పుడు తనతో కలిసి పనిచేసిన మిస్ కెంటన్‌ను చూడటానికి పడమటి ప్రాంతానికి బయలుదేరుతాడు. దారి పొడవునా హుందాతనం అంటే ఏమిటి, గొప్ప సేవకుడని ఎవరిని అనవచ్చు, వెండి సామాను మెరుగు మీద ఒక భవనం పరువు ఎంతవరకు ఆధారపడి ఉంటుంది అన్న చర్చ సాగుతూ ఉంటుంది. ఇక్కడ విసిగి పుస్తకం మూసినవారిని నేను తప్పుపట్టను, కానీ వారు పోగొట్టుకున్నది చిన్నది కాదు.

ఎందుకంటే ఆ చర్చంతా ఒక తెర. 1923లో ఆ భవనంలో ఒక అంతర్జాతీయ సమావేశం జరుగుతుంది. కింద అతిథులకు పానీయాలు అందిస్తున్న స్టీవెన్స్‌కు, పై అంతస్తులో తన తండ్రి చివరి ఘడియల్లో ఉన్నాడని తెలుసు. ఆ రాత్రి తన మనసు ఎలా ఉందో అతడు ఒక్క మాటైనా చెప్పడు. తన వృత్తి జీవితంలో అది ఎంత విజయవంతమైన రాత్రో మాత్రమే చెబుతాడు. ఎదుటివారు ఒంట్లో బాగానే ఉందా అని ఒకరి తరువాత ఒకరు అడగడం వల్ల మాత్రమే అతడి కళ్లలో నీళ్లున్నాయని మనకు అర్థమవుతుంది. కథకుడు దాచిపెట్టిన సంగతిని అతడి నోటితోనే, అతడికి తెలియకుండా చెప్పించడం ఎంత కష్టమో రాయడానికి ప్రయత్నించినవారికి తెలుస్తుంది. యజమాని లార్డ్ డార్లింగ్టన్ నాజీల పట్ల మొగ్గు చూపుతున్న రోజుల్లో ఇద్దరు యూదు పనిమనుషులను తొలగించిన ఘట్టం కూడా అటువంటిదే. ఆ పనిని స్టీవెన్స్ మారు మాట్లాడకుండా చేస్తాడు. కాలం గడిచాక, ఆనాడు తనకు కూడా బాధ కలిగిందని మిస్ కెంటన్‌తో అంటాడు. ఆ బాధ నిజంగా ఆ రోజున కలిగిందా, లేక తరువాత అల్లుకున్నదా అన్న సందేహం నన్ను ఇప్పటికీ వదలలేదు.

నాకు నచ్చని చోటు కూడా ఒకటుంది. చివరికి వచ్చేసరికి తన గుండె పగిలిందని స్టీవెన్స్ నేరుగా ఒప్పుకుంటాడు. చాలామంది పాఠకులు ఆ వాక్యాన్నే నవలకు శిఖరంగా భావిస్తారు. నా దృష్టిలో మాత్రం, అంతవరకు పాఠకుడిని పూర్తిగా నమ్మిన రచయిత ఆ ఒక్క చోట నమ్మలేకపోయాడు. ఆ మాట లేకపోయినా మనకు తెలుసు. ఉండటం వల్ల కొత్తగా తెలిసినదేమీ లేదు. ఈ నవల చిత్తుప్రతిలో ప్రధాన భాగాన్ని నాలుగు వారాల పాటు ఇంకే పనీ పెట్టుకోకుండా రాశానని ఇషిగురో తరువాత ఒక వ్యాసంలో చెప్పారు. ఆ వేగం నవలలో ఎక్కడా కనిపించదు. వాక్యాలన్నీ ఏళ్ల తరబడి తుడిచి తుడిచి మెరుగు పెట్టినట్లే ఉంటాయి.

దీని తరువాత డేనియల్ కానెమాన్ రాసిన 'థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో' చేతిలోకి తీసుకోవడం కాకతాళీయమే అయినా, అంతకంటే సరైన జోడీ దొరికేది కాదు. 2011లో వచ్చిన ఈ గ్రంథం మనసు చేసే పనిని రెండు పాత్రలుగా విడదీస్తుంది. మొదటి వ్యవస్థ వేగంగా, తడుముకోకుండా, ఎటువంటి శ్రమ లేకుండా తీర్పులు చెబుతుంది. రెండవ వ్యవస్థ నెమ్మదైనది, లెక్కలు వేయగలది, కానీ బద్ధకస్తురాలు. బ్యాటు, బంతి కలిపి ఒక డాలరు పది సెంట్లు. బంతికంటే బ్యాటు ఒక డాలరు ఎక్కువ. అయితే బంతి వెల ఎంత అన్న ప్రశ్నకు పది సెంట్లని నాలుక చివరికి వచ్చే జవాబు మొదటి వ్యవస్థది. అయిదు సెంట్లని తేల్చడానికి రెండవదానిని నిద్ర లేపాలి. జవాబు ముందే తెలిసి ఉండి కూడా, పుస్తకంలో ఆ ప్రశ్న చూడగానే నా మనసు పదివైపే పరుగెత్తింది.

ఈ గ్రంథంలో నేను మళ్లీ మళ్లీ చదివిన పేజీలు రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి, ఇజ్రాయెల్ వైమానిక దళంలోని శిక్షకుల ఉదంతం. బాగా నడిపిన శిక్షణార్థిని మెచ్చుకుంటే మరుసటిసారి తడబడుతున్నాడని, చెడగొట్టినవాడిని గట్టిగా తిడితే మరుసటిసారి మెరుగుపడుతున్నాడని, కనుక పొగడ్తకంటే తిట్టే మంచిదని ఒక అనుభవజ్ఞుడు వాదిస్తాడు. అతడు చూసినది నిజమే. దానికి చెప్పుకున్న కారణమే తప్పు. అసాధారణంగా బాగా చేసిన ప్రయత్నం తరువాత మామూలు ప్రయత్నం, అసాధారణంగా చెడిన ప్రయత్నం తరువాత కూడా మామూలు ప్రయత్నమే వచ్చే అవకాశం ఎక్కువ. పొగిడినా తిట్టినా సగటువైపు మళ్లడం తప్పదు. పిల్లలకు చదువు చెప్పేవారు, కింద నలుగురిని పెట్టుకుని పని చేయించేవారు ఈ నాలుగు పేజీల కోసమైనా ఈ గ్రంథాన్ని తెరవాలి. రెండవది, పెద్దప్రేగు పరీక్ష చేయించుకున్న రోగుల ఉదంతం. ఇద్దరు రోగుల చిత్రాన్ని కానెమాన్ పక్కపక్కన ఉంచుతాడు. ఒకరికి పరీక్ష ఎనిమిది నిమిషాలలో ముగిసింది, మరొకరికి ఇరవై నాలుగు నిమిషాలు పట్టింది. మొత్తం మీద రెండవ రోగి అనుభవించిన నొప్పే ఎక్కువ. అయినా పరీక్ష చెడ్డ జ్ఞాపకంగా మిగిలినది మొదటి రోగికి, ఎందుకంటే అతడి విషయంలో నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడే పరీక్ష ముగిసింది. అనుభవించే మనిషి వేరు, గుర్తుంచుకునే మనిషి వేరు అని, మన నిర్ణయాలన్నీ రెండవవాడి చేతిలోనే ఉంటాయని ఆయన నిరూపిస్తూ పోతుంటే, నాకు స్టీవెన్స్ గుర్తుకు వచ్చాడు. తన జీవితాన్ని గుర్తుంచుకునే మనిషికి అప్పగించి, అనుభవించిన మనిషిని గుమ్మం బయటే నిలబెట్టినవాడు అతడు.

ఇంత మెచ్చుకున్నాక అసలు ఫిర్యాదు చెప్పాలి. ముందుగా చూపిన మాటలు మన ప్రవర్తనను మనకు తెలియకుండానే మార్చివేస్తాయని చెప్పే నాలుగవ అధ్యాయంలో, వృద్ధాప్యాన్ని తలపించే మాటలతో వాక్యాలు కూర్చిన విద్యార్థులు ఆ తరువాత నెమ్మదిగా నడిచారన్న ప్రయోగం వస్తుంది. ఇటువంటి ఫలితాలను నమ్మకుండా ఉండే వెసులుబాటు పాఠకుడికి లేదన్న ధోరణిలో కానెమాన్ అక్కడ మాట్లాడుతాడు. 2012లో ఇతర పరిశోధకులు ఎక్కువమంది మీద, నడకను యంత్రంతో కొలుస్తూ అదే ప్రయోగాన్ని మళ్లీ చేసినప్పుడు ఆ ప్రభావం కనిపించలేదు. విద్యార్థులు నెమ్మదిగా నడుస్తారని ప్రయోగం నిర్వహించేవారు ముందే ఆశించి, గడియారం చేతపట్టుకుని కొలిచినప్పుడు మాత్రం కనిపించింది. తక్కువమందితో చేసిన అధ్యయనాల మీద తాను అతిగా నమ్మకం ఉంచానని 2017లో కానెమాన్ స్వయంగా రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. విచిత్రమేమిటంటే, చిన్న సంఖ్యల మీద నిర్మించిన తీర్మానాలను నమ్మవద్దని హెచ్చరించే అధ్యాయం కూడా అదే గ్రంథంలో ఉంది, అదీ ఆయన స్వయంగా చేసిన పరిశోధన ఆధారంగానే. నేను కొన్న ప్రతిలో ఈ ఒప్పుకోలు గురించి ఒక్క వాక్యమైనా లేదు. ఒక శాస్త్రజ్ఞుడు పొరపాటు పడటం నాకు అభ్యంతరం కాదు, ఒప్పుకోవడం ఆయన పట్ల గౌరవాన్ని పెంచింది కూడా. కానీ ఆ ఒప్పుకోలు గ్రంథం బయట ఉండి, పొరపాటు మాత్రం గ్రంథం లోపలే ఉండిపోతే, కొత్త పాఠకుడి చేతికి అందేది పొరపాటే. ఇప్పుడు చదవబోయేవారు నాలుగవ అధ్యాయాన్ని దాటవేయడమో, ఉప్పు నంజుకున్నట్లు పైపైన చూసి వదలడమో మంచిది. చివరి మూడవ వంతులో వాక్యాలు కూడా బరువెక్కుతాయి. ఆర్థిక నిర్ణయాల మీద రాసిన అధ్యాయాలను నేను రోజుకొకటి చొప్పున, మందు మింగినట్లు పూర్తి చేశాను.

వివేక్ శానభాగ రాసిన 'ఘాచర్ ఘోచర్' పరిమాణంలో వీటన్నిటికంటే చిన్నది, కానీ నన్ను ఎక్కువ రోజులు పట్టుకున్నది అదే. 2013లో కన్నడంలో వచ్చిన ఈ నవలికను శ్రీనాథ్ పేరూర్ ఆంగ్లంలోకి తెచ్చారు. తెలుగు చదివే కంటికి కన్నడ లిపి సగం పరిచితమే, బంధుత్వపు పిలుపులు కూడా దగ్గరగానే ఉంటాయి. అయినా పక్కింటి కథను సముద్రం దాటి వెళ్లి విన్నట్లు ఆంగ్లంలో చదవవలసి వచ్చిందన్న చిన్న సిగ్గు చివరి వరకు నన్ను వదలలేదు. చిన్నాన్న అని అర్థమిచ్చే 'చిక్కప్ప'ను అనువాదకుడు చిక్కప్పగానే ఉంచడం నాకు చాలా నచ్చింది. ఆ ఇంటిని నడిపే మనిషికి వేరే పేరు అవసరం లేదు, అతడి డబ్బే ఆ పిలుపులో ఉంది.

కథ బెంగళూరులోని ఒక కాఫీ హౌస్‌లో మొదలవుతుంది. పేరు చెప్పని కథకుడు అక్కడ కూర్చుని, విన్సెంట్ అనే వెయిటర్ అప్పుడప్పుడు అనే ముక్తసరి మాటలలో తన జీవితానికి అర్థం వెతుక్కుంటూ ఉంటాడు. ఒకప్పుడు తండ్రి జీతం మీద, ప్రతి పైసా లెక్క చూసుకుంటూ, చీమలు పట్టిన ఇరుకు ఇంట్లో బతికిన కుటుంబం, చిక్కప్ప మొదలుపెట్టిన మసాలా వ్యాపారంతో ఉన్నట్లుండి పైకి వస్తుంది. కథకుడు ఆ సంస్థలో డైరెక్టరు; చేయవలసిన పని మాత్రం ఏమీ లేదు. అనిత అతడి భార్య. ఆ ఇంటి ఐశ్వర్యాన్ని గౌరవించడం చేతకాని ఒకే ఒక్క మనిషి ఆమె. శీర్షికలోని మాట ఆమె పుట్టింట్లో పుట్టినది. ఏ నిఘంటువులోనూ దొరకదు. విప్పడానికి వీలు కానంతగా పడిపోయిన చిక్కుముడి అని దాని అర్థం.

ఈ కథకుడిని స్టీవెన్స్ పక్కన నిలబెట్టి చూడటం నాకు తప్పలేదు. స్టీవెన్స్ అబద్ధం చెప్పుకోవడానికి ఎంతో కష్టపడతాడు. దాని కోసం ఒక తత్వాన్నే నిర్మించుకుంటాడు. ఇతడికి ఆ శ్రమ కూడా లేదు. ఇంట్లోని ఆడవాళ్లు చిక్కప్ప కోసం గుమ్మం దాకా వచ్చిన ఒక స్త్రీని నోటికి వచ్చినట్లు తిట్టి తరుముతుంటే, ఇతడు లోపల ఉండి వింటాడు; ఆ తరువాత మనకు చాలా నిజాయితీగా, తాను ఏమీ చేయలేదని చెబుతాడు. నిజాయితీయే ఇక్కడ ముసుగు. చెప్పేశాను కదా, ఇక నా బాధ్యత తీరిందన్నట్లు ఉంటుంది అతడి గొంతు. పాత ఇంట్లో చీమలను చంపిన రోజుల గురించి చెప్పే పేజీలు మొదట చదివినప్పుడు పేదరికపు జ్ఞాపకాల్లా, కొంత నవ్వు తెప్పించేవిగా ఉంటాయి. పుస్తకం ముగించి వెనక్కు తిప్పితే, ఒక కుటుంబం తనకు అడ్డు వచ్చినదానిని ఏమి చేస్తుందో రచయిత ముందే చెప్పి పెట్టాడని అర్థమై ఒళ్లు జలదరిస్తుంది. ముగింపు గురించి ఇంతకుమించి చెప్పను. ఏమి జరిగిందో తేల్చలేదని కొందరు చిరాకుపడవచ్చు. చాప కింద నీరులా పాకిన భయాన్ని చివరి పేజీలో ఆరబెట్టి చూపించి ఉంటే నేను చిరాకుపడేవాడిని.

ఒక లోపం చెప్పాలంటే, అక్క మాలతి పాత్ర కోపానికి తప్ప మరి దేనికీ పనికిరానట్లు ఉండిపోయింది. తండ్రిని గురించి కూడా ఇంకొంత తెలిస్తే బాగుండేది. నిజాయితీగా బతికిన ఆ మనిషి తన వాటాను ఎవరికైనా దానంగా రాసివేస్తాడేమో అని సొంత కుటుంబమే భయపడుతూ ఉండటం ఇంకొక నవలకు సరిపడే విషయం. నూరు పేజీల చిల్లరలో అన్నీ కుదరవని తెలిసే ఈ మాట అంటున్నాను.

యువల్ నోవా హరారీ 'సేపియన్స్' గురించి క్లుప్తంగా ముగిస్తాను, ఎందుకంటే దాని మీద ఇప్పటికే కావలసినదానికంటే ఎక్కువ చర్చ జరిగింది. 2011లో హీబ్రూలోను, 2014లో ఆంగ్లంలోను వచ్చిన ఈ గ్రంథం మొదటి వంద పేజీలలో ఇచ్చే ఉత్సాహం నిజమైనది. భూమి మీద ఒకే కాలంలో పలు మానవ జాతులు జీవించాయన్న సంగతిని, పెద్ద సంఖ్యలో అపరిచితులు కలిసి పని చేయడానికి ఉమ్మడి కల్పనలు అవసరమన్న వాదాన్ని అంత తేటగా చెప్పినవారు అరుదు. చిక్కంతా ఆ తేటదనంతోనే మొదలవుతుంది. మనిషి గోధుమను సాగు చేయలేదు, గోధుమే మనిషిని మచ్చిక చేసుకుందన్న మాట చమత్కారంగా ఉంటుంది. అయితే చమత్కారం ఎక్కడ ముగిసి రుజువు ఎక్కడ మొదలవుతుందో రచయిత గీత గీసి చూపడు. వేట, సేకరణ మీద బతికినవారు ఏమి నమ్మేవారో మనకు పెద్దగా తెలియదని ఒక అధ్యాయంలో చక్కగా ఒప్పుకున్న మనిషే, మరికొన్ని పేజీలు దాటగానే వారు మనకంటే సుఖంగా బతికారన్న వాదాన్ని తడబాటు లేకుండా వినిపిస్తాడు. నవలలో ఇటువంటి గొంతు ఎదురైతే మనం వెంటనే చెవులు రిక్కిస్తాము. ఇక్కడ చప్పట్లు కొడుతున్నాము.

మధ్యలో అలవాట్ల మీద రాసిన ఒక పుస్తకాన్ని అరవయ్యో పేజీ దగ్గర వదిలేశాను. పది వాక్యాలలో చెప్పగలిగిన సంగతికి ప్రతి అధ్యాయంలోను ఒక క్రీడాకారుడి కథ, ఒక వ్యాపారి కథ, చివర ఒక పట్టిక అతికించారు. వదిలేయడం కూడా అభిప్రాయమే కనుక నమోదు చేస్తున్నాను.

కాల్పనికేతర గ్రంథంలో కథకుడు ఎలా ఉండాలో నాకు చూపించినది రెబెకా స్క్లూట్ రాసిన 'ది ఇమ్మోర్టల్ లైఫ్ ఆఫ్ హెన్రియెట్టా లాక్స్'. హెన్రియెట్టా లాక్స్ అయిదుగురు బిడ్డల తల్లి, నల్లజాతి స్త్రీ. 1951లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో చేరింది. చికిత్స సమయంలో ఆమెకు చెప్పకుండా తీసిన కణితి ముక్క జార్జ్ గై ప్రయోగశాలకు చేరింది. అంతవరకు అక్కడ పెంచబోయిన మానవ కణాలన్నీ కొద్ది రోజులలోనే చచ్చిపోతుండగా, ఈ కణాలు మాత్రం ఆగకుండా రెట్టింపు అవుతూ పోయాయి. ఆమె అదే ఏడాది అక్టోబరు 4న, 31 ఏళ్ల వయసులో మరణించింది. ఆమె పేరులోని అక్షరాలతో హీలా అని పిలిచే ఆ కణాలు పోలియో టీకాను పరీక్షించడం మొదలుకొని లెక్కలేనన్ని పరిశోధనలకు ఆధారమయ్యాయి. చాలాకాలం పాటు ఆ కణాలు హెలెన్ లేన్ అనే స్త్రీవని ప్రచారంలో ఉండేది. అమ్మ కణాలు ఇంకా బతికే ఉన్నాయన్న సంగతి కుటుంబానికి 1973లో గాని తెలియలేదు.

సమాచారం ఇంతే అయితే దీనిని ఒక మంచి వ్యాసంగా రాసి సరిపెట్టవచ్చు. దీనిని గొప్ప గ్రంథంగా చేసినవి వివరాలు. కణాలను మొదట గాజు నాళికలలో పెంచిన సహాయకురాలు మేరీ, శవపరీక్ష గదిలో హెన్రియెట్టా కాలి గోళ్ల మీద అక్కడక్కడ ఊడిపోయిన ఎర్ర రంగును చూసి, ఈ కణాలు నిజంగా బతికిన ఒక మనిషివని అప్పుడే తొలిసారి గ్రహించానని చెప్పిన చోట, విజ్ఞాన శాస్త్ర చరిత్రలో నేను చదివిన అత్యంత నిశ్శబ్దమైన క్షణం ఉంది. మరొక చోట, కూతురు డెబోరా ప్రయోగశాలకు వెళ్లి, గడ్డకట్టిన కణాలున్న చిన్న సీసాను చేతిలోకి తీసుకుని, చలికి వణుకుతున్న మనిషిని ఓదార్చినట్లు అరచేతుల మధ్య రుద్ది వెచ్చబరుస్తుంది. రచయిత్రి ఆ దృశ్యానికి వ్యాఖ్యానం జోడించకుండా పక్కకు తప్పుకుంటుంది. ఇషిగురో నవల చివర నాకు దొరకని నిగ్రహం ఇక్కడ దొరికింది.

స్క్లూట్ తనను తాను కథలో పాత్రగా పెట్టుకున్నందుకు కొందరు విమర్శించారు. శ్వేతజాతి రచయిత్రి, దశాబ్దం పాటు ఒక నల్లజాతి కుటుంబం వెంట తిరిగి, వారి దుఃఖాన్ని పుస్తకంగా మలచడంలో ఉన్న ఇబ్బందిని నేను కూడా కాదనను. డెబోరా ఒత్తిడితో ఒళ్లంతా దద్దుర్లు లేచి కుదేలైన రాత్రి గురించి చదువుతున్నప్పుడు, ఈ గదిలో నేనెందుకు ఉన్నాను అని చాలాసార్లు అనిపించింది. అయితే రచయిత్రి పక్కకు తప్పుకుని, అన్నీ ఆకాశం నుంచి చూసినట్లు రాసి ఉంటే ఆ ఇబ్బంది పోయేది కాదు, మన కంటికి కనిపించకుండా పోయేది, అంతే. ఫోన్లు ఎత్తని కుటుంబాన్ని, తనను అనుమానించిన మనుషులను, తాను చేసిన పొరపాట్లను ఆమె దాచుకోలేదు. ఏ సంగతి ఎవరి ద్వారా తెలిసిందో, ఎవరు చెప్పడానికి నిరాకరించారో పుస్తకంలోనే ఉంది. 2010లో పుస్తకం వెలువడక ముందే, 2009లో డెబోరా మరణించింది. అమ్మ పేరు అట్ట మీద చూసుకోవాలన్న ఆమె కోరిక తీరలేదు. హీలా కణాలతో లాభం పొందిందని ఒక పెద్ద సంస్థ మీద కుటుంబం వేసిన దావా 2023లో రాజీతో ముగిసింది. ఆ ప్రతివాద సంస్థ ఎవరన్నదానికంటే, ఆ రోజు వార్తల్లో హెన్రియెట్టా పేరు తప్పు లేకుండా వచ్చిందన్నదే నాకు ముఖ్యంగా తోచింది.

చివరగా సమంతా హార్వీ 'ఆర్బిటల్'. 2024 బుకర్ బహుమతి పొందిన ఈ నవల నిడివి నూట నలభై పేజీలకు లోపే. భూమి చుట్టూ తిరుగుతున్న అంతరిక్ష కేంద్రంలో ఆరుగురు వ్యోమగాములు గడిపే ఒక్క రోజు ఇందులోని కథ. ఆ ఒక్క రోజులో వారు పదహారు ప్రదక్షిణలు చేస్తారు, అంటే పదహారు సూర్యోదయాలు, పదహారు సూర్యాస్తమయాలు. కింద ఫిలిప్పీన్స్ వైపు ఒక తుఫాను కదులుతూ ఉంటుంది. చియే అనే జపాన్ వ్యోమగామికి తల్లి మరణించిందన్న వార్త అందుతుంది. సంఘటనలంటూ చెప్పుకోవడానికి ఇంతకు మించి లేవు.

మొదటిసారి దీనిని ఒకే మధ్యాహ్నం కూర్చుని పూర్తి చేశాను, విసుగ్గా ముగించాను. కథకుడి గొంతు ఏ ఒక్కరిదీ కాదు. ఆరుగురి మనసుల్లోకి, ఖండాల మీదికి, గతంలోకి ఇష్టం వచ్చినట్లు పోతుంది, చూసిన ప్రతిదానినీ సమానంగా ప్రేమిస్తుంది. ఎడారులు, సముద్రాలు, నగరాల దీపాలు, మేఘాలు ఒకదాని వెంట ఒకటి జాబితాలుగా వస్తుంటే, నాలుగవ ప్రదక్షిణకే కన్ను అలసిపోయింది. ఆరుగురు మనుషులలో ఒక్కరైనా మరొకరి మీద విసుక్కోరు. నాలుగు గోడల మధ్య ఉన్న ఏ ఆరుగురైనా ఇంత సౌమ్యంగా ఉంటారంటే నేను నమ్మలేకపోయాను. స్టీవెన్స్‌ను, ఆ కాఫీ హౌస్ మనిషిని చదివి వచ్చిన నాకు, దాచుకోవడానికి ఏమీ లేని గొంతు అంటే ఏమి చేయాలో తోచలేదు.

అయినా పుస్తకాన్ని పక్కన పెట్టనివ్వని దృశ్యం ఒకటుంది. షాన్ అనే అమెరికన్ వ్యోమగామి దగ్గర వెలాస్కెజ్ గీసిన 'లాస్ మెనినాస్' చిత్రం అచ్చయిన పోస్టుకార్డు ఉంటుంది, భార్య ఇచ్చినది. ఆ చిత్రంలో చిత్రకారుడు ఉన్నాడు, రాకుమారి ఉంది, అద్దంలో రాజు, రాణి ఉన్నారు; ఇంతకూ అందులో చూస్తున్నది ఎవరు, చూడబడుతున్నది ఎవరు అన్నదే ప్రశ్న. ఆ పేజీలు చదివాక, ఈ నవలను నేను చూడవలసిన దూరం నుంచి చూడలేదేమో అనిపించింది. అందుకని రెండవసారి, రాత్రికి ఒక్క ప్రదక్షిణ చొప్పున మాత్రమే చదవడం మొదలుపెట్టాను. జాబితాలు ఇప్పటికీ జాబితాలే. అయితే ఒక్కొక్కటిగా అందినప్పుడు వాటి లయ వేరుగా వినిపిస్తోంది, మొదటిసారి గమనించని చియే మౌనం కూడా పేజీల మధ్య కనిపిస్తోంది. ఇది రాస్తున్న సమయానికి పదకొండవ ప్రదక్షిణ దగ్గర ఉన్నాను. ఆరుగురి సౌమ్యత మీద నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది.